ఆకుపచ్చ బటన్

మోహన్‌కృష్ణ మూతి మీద మొదటి దెబ్బ సోములమ్మదే. మిల్లులో తను కాఫీ గింజలు తిరగేసే చెక్క పారతోనే కొట్టింది. ముందు పళ్ళు రెండు ఊడి అతని చొక్కా మీదే పడ్డాయి.

"నా మొగుణ్ణి సంపేసినావురా!"

మరి కొట్టదూ! ఆమె భర్త మల్లేశు శవం ఇంకా డ్రమ్ము పక్కనే ఉంది. కప్పిన గోనెపట్టాలు నెత్తుటితో తడిసిపోయాయి. మల్లేశు ఊరి నుంచి జనం కర్రలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

అరకు కొండల్లో ఆ కాఫీ మిల్లుకి గింజలు ఆరబెట్టే పెద్ద ఇనప డ్రమ్మే ప్రాణం. లోపల అంటుకున్న పొట్టు గీకాలంటే ఫిట్టరు అందులోకి దిగాల్సిందే. దిగేవాడు తన తువ్వాలు తీసి మెయిన్ స్విచ్ పిడికి కట్టేవాడు. తువ్వాలు ఉన్నంతసేపూ ఆ పిడిని ఎవడూ ముట్టుకోడు. ఎవరూ రాసిపెట్టలేదు గానీ అదే అక్కడి కట్టుబాటు.

విశాఖ నుంచి వచ్చిన ఈ మోహన్‌కృష్ణ ఆ తువ్వాలు పీకించాడు. మిషన్ల బాగోగులు చూసే సాఫ్ట్‌వేర్ పెట్టడం ఈయనగారి ఉద్యోగం. డ్రమ్ములో వేడెంత, బరువెంత అని కొలిచే మెజరింగ్ పాయింట్లు బిగించాడు. డ్రమ్ముకో స్టేటస్ పెట్టాడు. దిగేవాడు తన ఫోన్లో ఎర్ర బటన్ నొక్కితే కంట్రోల్ రూములో తెర ఎర్రబడుతుంది, ఇక డ్రమ్ము తిరగదు. బయటికొచ్చి ఆకుపచ్చది నొక్కితే మళ్ళీ తిప్పొచ్చు. మర్చిపోకుండా ఫోను మధ్యమధ్య మోగి గుర్తు చేస్తుంది కూడా. ఫిట్టర్లందరినీ కూర్చోబెట్టి ఎంత ముచ్చటగా చెప్పాడో!

"తువ్వాలు కూడా ఉండనీండి సార్. రెండూ ఉంటే తప్పేటి?" అని ఆ రోజు మల్లేశే అడిగాడు.

"తువ్వాలు గాలికి ఎగిరిపోతుందయ్యా. ఇది ఎగరదు" అని నవ్వాడు మోహన్‌కృష్ణ.

ఇవాళ పొద్దున్న మల్లేశు ఎర్రది నొక్కి దిగాడు. కాసేపటికి తెర పచ్చబడింది. ఆపరేటర్ కామేష్ డ్రమ్ము తిప్పాడు. లోపల బరువుందని మెజరింగ్ పాయింటు చూపిస్తూనే ఉంది. అయితే ఏం లాభం? అది మనిషి బరువని దానికెవరు చెప్పారు?

కామేష్‌ని నాలుగు తన్ని వదిలేశారు. పాపం, వాడు పచ్చ చూసి తిప్పాడు. ఆ పచ్చ చేసిందెవరన్నదే ఇప్పుడు తేలాలి.

"మల్లేశు ఫోను, నీ కంప్యూటరు. ఈ రెంటితోనే రంగు మారతాదని నువ్వే సెప్పినావంట కదా?" మల్లేశు అన్న సోములు కత్తి పట్టుకుని అడిగాడు. "సావడానికి మావోడే నొక్కుకున్నాడేటి?"

"లేదు" అన్నాడు మోహన్‌కృష్ణ.

"మరెవుడు? బేగి సెప్పు! ఎవుళైనా సరే, మా ఇంట్లోవోళ్ళైనా సరే, ఇక్కడే నరికేత్తాను."

మోహన్‌కృష్ణ తల దించుకున్నాడు. ఎవడో డొక్కలో తన్నాడు. ఇంకెవడో జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది.

"డ్రమ్ము తిరగ్గానే, లోపల మల్లేశున్నాడు, ఆపండి ఆపండి అని కేకలేసుకుంటా పరిగెత్తినావంట. పచ్చయిపోయినాక కూడా మావోడు లోపలే ఉన్నాడని నీకెలాగ తెలిసింది?" అన్నాడు సోములు.

అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. దాంతో జనానికి పిచ్చెక్కిపోయింది. కర్రలు విరిగేలా బాదారు. మేనేజర్ సర్వేశ్వరరావు తన గది తలుపుకి గడియ పెట్టుకుని కిటికీ సందులోంచి చూస్తున్నాడు.

సోములు ఆ కిటికీ వైపు చూశాడు. "ఆ మేనేజరుగాడు నొక్కమన్నాడా? పేరు సెప్పేయి. నిన్నొగ్గేత్తాం."

బతకడానికి దారి దొరికింది. ఒక్క పేరు చెబితే చాలు. మోహన్‌కృష్ణ తలెత్తి సోములమ్మను చూశాడు. ఆమె వీపున గుడ్డలో కట్టుకున్న పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

"ఆయనకేం తెలీదు. నేనే నొక్కాను" అన్నాడు. "మీ తువ్వాలు పీకించిందీ నేనే."

సోములు కత్తి ఎత్తాడు. సోములమ్మ అడ్డమొచ్చింది.

"ఉండు బావా! ఒక్క వేటుకి సచ్చిపోతే నాకు సాలదు."

వంగి రాయి తీసుకుంది. "ఏ వేలితో నొక్కినావురా?"

అతను చెయ్యి గచ్చు మీద పెట్టి చూపుడు వేలు చాపాడు. రాయి దిగింది. ఎముక నలిగిన చప్పుడుకి వెనకున్న ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. ఆమె మళ్ళీ కొట్టింది. మళ్ళీ కొట్టింది.

"నా గుంట ఇంక అయ్యా అని ఎవుణ్ణి పిలుత్తాదిరా!" అని ఏడుస్తూ కొట్టింది. కొట్టి కొట్టి రాయి పారేసి అక్కడే కూలబడింది.

సోములు ముందుకొచ్చాడు. "ఆకరిసారి అడుగుతన్నాను. నొక్కింది నువ్వేనా?"

"నేనే."

కత్తి దిగింది.

పొద్దున్న కంట్రోల్ రూము అద్దంలోంచి మోహన్‌కృష్ణ కళ్ళారా చూశాడు: లోపలి వేడికి పాడవుతుందని మల్లేశు పెళ్ళాం చేతికిచ్చి దిగిన ఫోను అదే పనిగా మోగుతుంటే, వీపున నిద్రపోతున్న పిల్ల ఎక్కడ లేచిపోతుందోనని, ఆ ఫోను నోరు మూయించడానికి సోములమ్మ, అదేంటో తెలీకుండానే, ఆకుపచ్చ బటన్ నొక్కింది.