బాణం కింద

ముడి కిషనే ఎందుకు వేయాలి? నాంపల్లి ఇంటిని మామ కొడుకు కిషన్‌కు కాకుండా కూతురు కమల పేరున, అంటే తన భార్య పేరున రాసిపోతే, ఈ బావమరిది ఒక్క మాటైనా అనలేదు. ఇప్పుడు జింకల వేటకు రమ్మంటున్నాడు. పెరటి వేపచెట్టుకు కట్టిన మోకు తాడులో కూర్చుని, ఒక చేత్తో విల్లు, ఇంకో చేత్తో మాను పట్టుకుని ఆలోచిస్తున్నాడు వామన్‌రావు.

“ఏంది బావా, చెట్టును గట్ల పట్టుకున్నవ్? రేపు అడవిల నేను జింకను నీ కిందికి తోలుకొస్తె, ఆ చెయ్యి ఇడిస్తెనే బాణం ఏస్తవ్!” కింద నుంచి నవ్వాడు కిషన్.

“ముడి గట్టిదేనా?”

“కల్లు గీసే గౌండ్లాయన నేర్పిండు. ఫికర్ చెయ్యకు.”

కమల టీ తెచ్చి, తమ్ముడితో గొంతు తగ్గించి అన్నది. పైన వామన్‌రావుకు వినబడనే వినబడింది.

“ఆయన బాణం కిందికి నువ్వెందుకు పోవుడు? ఇల్లు నా పేరున పడ్డకాన్నుంచి ఆయన నిన్ను చూసే చూపు మంచిగ లేదురా.”

“నీకేమన్న పిచ్చా అక్కా? మా బావ గట్లాంటోడా?”

పొద్దుటి నుంచీ వామన్‌రావు తాడునే చూస్తున్నాడు. బాణం తన చేతిలో ఉందన్న సంగతి అతనికి తోచనే లేదు.

మెల్లగా కిందికి దిగాడు.

“రేపు చెట్టు నువ్వెక్కు. జింకను నేను తోలుకొస్త,” అంటూ విల్లు కిషన్ చేతిలో పెట్టాడు.