ఒంటరితనానికి తగిన కిటికీ

స్టాక్‌హోమ్‌లో డిసెంబరులో మధ్యాహ్నం మూడింటికే ఆకాశం నీలమై, ఇరవై నిమిషాల్లో చీకటైపోతుంది. ఆ ఇరవై నిమిషాల్లోనే నా డిప్లొమా సినిమాకు ఆఖరి షాట్ తీయాలి. నాలుగంతస్తుల భవనంలో హీరోయిన్ కిటికీ ఒక్కటే వెలుగుతుంది, మిగతావన్నీ చీకటి. ఒంటరితనమంటే అదేనన్నది మూడేళ్ల చదువులో నేను కనుగొన్న పరమ సత్యం.

చిక్కల్లా క్రిస్మస్ నక్షత్రాలతోనే వచ్చింది. ఈ నెలంతా ఇక్కడ కిటికీ కిటికీకీ ఒక కాగితపు నక్షత్రదీపం వేలాడుతుంది. ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి అన్నీ ఆర్పించాను. మిగిలింది మూడో అంతస్తు గున్‌వోర్ గారు.

"నా కిటికీలో నక్షత్రమే లేదు బాబూ. మా ఆయన పోయాక పెట్టడం మానేశాను," అందావిడ. "ఇంతకీ ఏం తీస్తున్నావు?"

"ఒంటరితనమండీ," అన్నాను గంభీరంగా.

"దానికి అందరి దీపాలూ ఆర్పడం దేనికి? వాళ్లవి వెలగనీ. నాది ఎలాగూ చీకటే కదా."

నా పరమ సత్యాన్ని మెట్ల మీదే వదిలేసి, నక్షత్రాలు వెలిగించమని మళ్లీ ప్రతి తలుపూ కొట్టాను.

కింద కెమెరా దగ్గర నా క్లాస్‌మేట్ ఒసియన్ మండిపడుతున్నాడు. "ఆర్పమంటావు, వెలిగించమంటావు. నువ్వు డైరెక్టరువా, కరెంటాఫీసువాడివా? ఇంక రెండు నిమిషాలే ఉన్నాయిరా."

"మూడో అంతస్తు చూడు."

వెలుగుతున్న నక్షత్రాల నడుమ ఒక్క నల్లటి కిటికీ. వాడు కెమెరా అటు తిప్పాడు.

అంతలో ఆ చీకట్లోంచి ఒక చేయి మా వైపు ఊగింది. షాట్ పాడైపోయింది. ఒసియన్ తిట్టబోయి ఆగి, తనూ చేయి ఊపాడు. నేనూ ఊపాను. ఆకాశం నల్లబడేదాకా ముగ్గురమూ ఆపలేదు.