మౌనం మీద వ్యాసం

“‘ఈ వ్యాసకర్తకు చట్టం నేర్పడం కంటే గాడిదకు నేర్పడం తేలిక. అది ఓండ్ర పెట్టే ముందు కనీసం చెవులైనా రిక్కిస్తుంది!’ విన్నారా మామయ్యా, వీడి రాత!” అంటూ అల్లుడు ఫోను సోఫా మీదికి గిరాటేశాడు.

మామగారికి టీ పొలమారింది. ఆ గాడిదా, దాని చెవులూ ఆయన సొంత సృష్టి మరి!

అల్లుడు లా కాలేజీలో లెక్చరరు. న్యాయశాస్త్ర పత్రికకు ఒక పరిశోధన వ్యాసం పంపాడు. అక్కడి పద్ధతేమిటంటే, సంపాదకుడు వ్యాసం మీద పేరు చెరిపేసి, ఎవరో ఒక పెద్దాయనకు పంపి, బాగోగులు రాయమంటాడు. రాసిందెవరో చదివేవాడికి తెలియదు, చదివిందెవరో రాసినవాడికి తెలియదు. ఇద్దరికీ కళ్లకు గంతలు కట్టి ఆడించే ఆటన్నమాట. రిటైరైన లా ప్రొఫెసరు కనుక, ఈసారి ఆ పెద్దాయన మన మామగారే అయ్యారు. ఆయన ఎర్ర సిరాకు బలైన వ్యాసాలను వరసగా పేరిస్తే పొరుగూరి పొలిమేర తాకుతాయని కిట్టనివాళ్లంటారు. కిట్టేవాళ్లు ఇంకో ఊరు కలుపుతారు.

“ఇంకా ఉంది, వినండి,” అల్లుడు మళ్లీ ఫోను తీశాడు. “‘మౌనం అంగీకారమవుతుందా అని ఇన్ని పేజీలు రాసిన ఈ మనిషి, తానే మౌనంగా ఉండి ఉంటే చట్టానికి మేలు జరిగేది.’ వీడికి నోరా, తాటిమట్టా?”

కిటికీ దగ్గర బఠానీలు ఒలుస్తున్న అత్తగారు కళ్లజోడు పైనుంచి భర్త వంక చూసింది. కిందటి నెల ఇదే గదిలో ఆ రెండు వాక్యాలూ ఆయన ఆవిడకు గొంతెత్తి చదివి వినిపించాడు. “ఎలా ఉంది నా చురక?” అని మీసం కూడా దువ్వుకున్నాడు. ఆవిడ నవ్వింది. ఇప్పుడు నవ్వడం లేదు.

“పోనీలే బాబూ, ఇంకో పత్రికకు పంపితే సరి,” అన్నాడు మామగారు కప్పులోకి చూస్తూ.

“ఎక్కడ పంపినా ఆర్నెల్లు తిప్పుతారు మామయ్యా. ఈ నెలాఖరుకి ఒక్క వ్యాసమైనా అచ్చుకి ఒప్పుకున్నారని చూపించకపోతే నన్ను కాలేజీలోంచి తీసేస్తారు. మీ అమ్మాయికి ఇంకా చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?” అల్లుడు మొహం చేత్తో తుడుచుకున్నాడు. అంతలోనే మళ్లీ కోపం వచ్చింది. “ఇలాంటివాణ్ని కట్టుకున్నావిడ ఎవరోగానీ, ఎలా భరిస్తోందో!”

“అలవాటైపోయి ఉంటుంది నాయనా,” అంది అత్తగారు, బఠానీ కాయ చిట్లిస్తూ.

మామగారు తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చున్నాడు. చెవులు కాలిపోతున్నాయి. పైకి చూస్తే ఫ్యాను, కిందికి చూస్తే అల్లుడి పాదాలు, పక్కకు చూస్తే పెళ్లాం కళ్లజోడు. చూపు దాచుకోవడానికి జానెడు జాగా లేదు.

“ఏమండీ, మాట్లాడరేం? మౌనం అంగీకారమేనా?” అంది ఆవిడ మెల్లగా.

ఇక తప్పలేదు. కప్పు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

“బాబూ... ఆ గాడిదను తోలింది నేనే.”

అల్లుడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని ఫోను వంకా, మామగారి వంకా మార్చి మార్చి చూశాడు.

“రాసింది నువ్వని తెలియదు. తెలిస్తే అలా రాస్తానా? సిగ్గుతో చస్తున్నాననుకో. సంపాదకుడికి ఇప్పుడే ఫోన్ చేసి, నా మాట వెనక్కి తీసుకుంటున్నానని చెబుతాను,” అంటూ జేబులోంచి ఫోను తీశాడు.

“మామయ్యా, మీరు... మొత్తం చదివే రాశారా?”

“అదేం మాట! అక్షరం వదల్లేదు. రెండుసార్లు చదివాను.” అంత సిగ్గులోనూ ఆ ఒక్క మాట దగ్గర ఆయన వెన్ను నిటారుగా నిలబడింది.

అల్లుడు తిడతాడనుకున్నాడు. లేచి వెళ్లిపోతాడనుకున్నాడు. కానీ అల్లుడి మొహం కందగడ్డలా అయింది. తల వాలిపోయింది.

“ఫోన్ చేయొద్దు మామయ్యా. మీరు కాదు, నేను సిగ్గుపడాలి. అది... నేను రాసింది కాదు.”

“మరి?”

“మీ డాక్టరేటు థీసిస్సే. మూడో అధ్యాయం. పోయినసారి వచ్చినప్పుడు మీ బీరువాలోంచి తీసుకెళ్లాను. నాలుగు కొత్త తీర్పులు అతికించాను. మిగతాదంతా ఉన్నదున్నట్టు మీదే. గడువు ముంచుకొచ్చి, బుద్ధి గడ్డి తిన్నది. దొంగతనమే, కాదనను.”

మామగారి చేతిలోని ఫోను ఒళ్లో పడింది.

అల్లుడు నెమ్మదిగా తలెత్తాడు. లా చదివినవాడు కదా, ఎంత తల దించుకున్నా బుర్రలో ఎక్కడో ప్రశ్న పుడుతుంది.

“అయినా మామయ్యా... అక్షరం వదలకుండా రెండుసార్లు చదివానంటున్నారు. మీ థీసిస్సును మీరే గుర్తుపట్టలేదా?”

మామగారు వద్దన్నట్టుగా, బతిమాలుతున్నట్టుగా భార్య వైపు చూశాడు.

అత్తగారు ఒలిచిన బఠానీల గిన్నె పక్కన పెట్టి, చేతులు దులుపుకుంది.

“ఆయనెలా గుర్తుపడతారు నాయనా? అది రాసి, ఇన్నేళ్లూ మౌనంగా ఉన్న గాడిదను నేను.”