బోర్డుకు ఎర్రరంగు

ఈస్టరు ముందు గ్రీసులోని క్రీటు దీవిలో మా ఊళ్లో అందరూ గోడలకు సున్నాలు వేసుకుంటారు. మా అత్తగారు అర్గిరో మాత్రం ఎర్రరంగు డబ్బా ఒకటి పట్టుకుని, ముసలి మేకను వెంటబెట్టుకుని సముద్రానికి బయలుదేరుతుంది. కొత్తకోడలిని కాబట్టి ఈ ఏడు నేనూ వెళ్లాను.

ఇసుక మొదలయ్యే చోట ఒక బోర్డు ఉంది: "మందుపాతరలు. అడుగు పెట్టవద్దు." ఉప్పుగాలికి వెలిసిపోయిన అక్షరాలను ఆవిడ తీరిగ్గా దిద్దింది.

"నిజంగా ఉన్నాయా అత్తయ్యా?"

"నీ మొహం. జర్మన్లతో యుద్ధమైపోయిన ఏడే అన్నీ తవ్వేశారు. ఈ బోర్డే లేకపోతే ఈపాటికి ఇక్కడ హోటలు లేచేది. మన ఇసుకలో మనం కూర్చోడానికి వాళ్ల గొడుగు అద్దెకి తీసుకోవాల్సొచ్చేది."

నాకు నవ్వొచ్చింది. ఎదురుగా మనిషి జాడ లేని తీరం. చెప్పులు విప్పి నీళ్లవైపు పరుగెత్తబోయాను. ఆవిడ నా జబ్బ పట్టుకుని ఆపి, మేకను ముందుకు తోలింది.

"దాని అడుగులోనే అడుగెయ్యి."

"ఏమీ లేవన్నారుగా?"

"మీ మామయ్య కూడా లేవనే అనేవాడు. ఆయనా మేక వెనకాలే నడిచేవాడు."

సగం దూరం పోయాక మేక ఆగింది. అక్కడ మేయడానికి ఏమీ లేదు.

మేమూ ఆగాం.