సముద్రం కూడా అయింది

"చేతులతో నీళ్లను కొట్టకు పిల్లా, పక్కకు తొయ్యి," గట్టుమీద చక్రాల కుర్చీలోంచి నున్జియా కేకేసింది. "సముద్రంతో కొట్లాటకు దిగినట్టుంది నీ వాలకం."

నడుంలోతు నీళ్లలో నిలబడ్డ మక్వాలా, నోట్లోకి పోయిన ఉప్పునీళ్లు ఉమ్మేసి నవ్వింది. ఎదురుగా, ఈతగాళ్లకు హద్దుగా కట్టిన పసుపురంగు ప్లాస్టిక్ గుండు అలలమీద తేలుతోంది. అక్కడిదాకా ఈది, దాన్ని తాకి వెనక్కి రావాలి. వేసవి మొదలైనప్పటినుంచీ అనుకుంటూనే ఉంది. సెప్టెంబరు కూడా సగం గడిచింది. ఇంకొన్నాళ్లు పోతే నీళ్లు చల్లబడతాయి.

"ఇవాళ వెళ్లొస్తానమ్మగారూ."

"పోయిన ఆదివారం కూడా ఇదే అన్నావు."

"ఆవేళ అల పెద్దగా ఉంది."

"అల కాదు, నీ భయం పెద్దగా ఉంది."

మక్వాలాది జార్జియా దేశంలోని కుతైసీ. నిరుడు నున్జియా తుంటి ఎముక విరిగినప్పుడు, వీతో అనే ఆమె కొడుకు ఎవరినో పట్టుకుని, కాగితాలన్నీ తనే చూసుకుని, మక్వాలాను ఇటలీ తీరాన బారీ ఊళ్లో ఉన్న తల్లి ఇంట్లో పనికి కుదిర్చాడు. వండిపెట్టడం, స్నానం చేయించడం, మందులివ్వడం, కుర్చీ తొయ్యడం, అన్నీ ఆమే. అంత పనిలోనూ తనకోసమని మూడు కోరికలు పెట్టుకుంది. సొంతూళ్లో ఎప్పుడు నోరు తెరిచినా ఎవరో ఒకరు "నీకెందుకే ఇవన్నీ" అని మూయించిన కోరికలవి.

మొదటిది చదువు. సాయంత్రం బడిలో చేరి, సెనెగల్ కుర్రాళ్ల పక్కన బెంచీమీద కూచుని, ఇటాలియన్ భాషలో ఎనిమిదో తరగతి పరీక్ష రాసింది. క్రియాపదాలు తప్పు పలికినప్పుడల్లా నున్జియా చెంచాతో బల్లమీద కొట్టేది. పాసైన రోజు మాత్రం కిటికీ తెరిపించుకుని, వీధిలో పోయేవాళ్లందరినీ ఆపి మరీ చెప్పింది.

తర్వాత సైకిలు. మోకాళ్లు చెక్కుకుపోయాయి. ఒకరోజు తిన్నగా వెళ్లి చేపలవాడి తట్టలమీద పడింది. సంతలో అందరూ నవ్వారు. తనూ నవ్వింది గాని, సైకిలు వదల్లేదు. వేసవి వచ్చేసరికి రొట్టెలు, కూరగాయలు బుట్టలో వేసుకుని గంట కొట్టుకుంటూ ఇంటికొచ్చేది.

ఇక మిగిలింది సముద్రం. ఈత నేర్పింది నున్జియాయే, కుర్చీలో కూచునే. పెళ్లికి ముందు ఆ తీరంలో ఆమెను మించి ఈదే ఆడపిల్ల లేదట.

నున్జియా ఒళ్లో పెట్టిన మక్వాలా ఫోను మోగింది. కుతైసీనుంచి ఖాతునా. మక్వాలా గట్టెక్కి, చెయ్యి తుడుచుకుని అందుకుంది.

"అమ్మా, తిన్నావా?"

"తిన్నాను."

"ఆ హోరేంటి? మళ్లీ నీళ్లల్లో దిగావా?"

"నడుందాకానే."

"జ్వరమొస్తే అక్కడ నిన్ను చూసే దిక్కెవరు? చదువన్నావు, సరేనన్నాను. సైకిలన్నావు, నోరు మూసుకున్నాను. ఇక చాలు, ఇంటికొచ్చెయ్. నువ్వు నా కళ్లముందుంటేనే నాకు నిద్ర."

"వస్తానమ్మా. ఇదొక్కటీ కానియ్యి."

"నా మాట ఎప్పుడు విన్నావు గనక," అంటూ ఖాతునా ఫోను పెట్టేసింది. ఆ తల్లీకూతుళ్ల మధ్య ఈ గొడవ ఆదివారం ఆదివారం ఉండేదే.

"రమ్మంటోందా?" నున్జియా అడిగింది.

"ఆఁ."

నున్జియా సముద్రంకేసి చెయ్యి చూపించింది. "వెళ్లేలోగా ఆ గుండు తాకిరా. నా పరువు తియ్యకు," అంది.

మక్వాలా మళ్లీ దిగింది. ఈసారి ఆగలేదు. కాళ్లకింద ఇసుక జారిపోయింది. వెనకనుంచి "కాళ్లు, కాళ్లు" అన్న కేక వినిపించింది, తర్వాత అదీ వినిపించలేదు. తన ఊపిరే తనకు వినపడుతోంది. మధ్యలో భుజాలు పట్టేశాయి. వెనక్కి తిరుగుదామా అనుకుంది. తిరిగితే జన్మలో మళ్లీ దిగనని తనకు తెలుసు. వెల్లకిలా తేలి కాస్త ఆయాసం తీర్చుకుని, మళ్లీ చేతులు సాచింది. వేళ్లకు నాచు పట్టిన నున్నటి గుండు తగిలింది. దాన్ని రెండు చేతులా వాటేసుకుని ఒడ్డుకేసి చూసింది. ఊరంతా చిన్నదై కనిపించింది.

తిరిగొచ్చేసరికి గట్టుమీద పేకాడుతున్న ముసలాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. "నేనే నేర్పాను, నేనే," అని వాళ్లకు చెబుతూ నున్జియా కళ్లు తుడుచుకుంటోంది.

"సముద్రం కూడా అయింది," అంది మక్వాలా రొప్పుతూ. "ఇక మీ వంతు. ఎముక అతుక్కుందని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. లేవండి. నా చెయ్యి పట్టుకుని ఆ ఐస్‌క్రీం బండిదాకా నడుద్దాం."

నున్జియా ముఖం ముడుచుకుపోయింది. ఈ మాట ఎత్తినప్పుడల్లా అంతే.

"నాకు డెబ్బై ఒకటి నిండాయి. ఈ వయసులో మళ్లీ పడితే లేచేది లేదు."

"పడనివ్వను."

"నీకేం పిల్లా, ఆ ఎర్రరంగు జుట్టూ, ఆ సైకిలూ. నీ వయసులో నేనూ ఆ గుండుదాకా పోయొచ్చినదాన్నే. నా వయసుకు రా, అప్పుడు చూద్దాం నీ ఈతలు."

మామూలుగా అయితే మక్వాలా నవ్వేసి, దుప్పటి సర్ది, కుర్చీని ఇంటిదారి పట్టించేది. ఇవాళ నవ్వలేదు. తువ్వాలు భుజాలమీద కప్పుకుని కుర్చీ ముందు కూచుంది. నున్జియా రెండు చేతులూ తన తడి చేతుల్లోకి తీసుకుంది.

"నేను నీకంటే మూడేళ్లు పెద్దదాన్ని, నున్జియా."