పడని రంగు

“పోయినసారి కూడా కళ్ళు వాచాయా?”

రంగులక్క గొంతు తగ్గించి అడిగింది. బల్లకి అవతల కూర్చున్న అమ్మాయి తలూపింది. ఆమె కనురెప్పల మీద చర్మం ఇంకా పొట్టు రాలుతూనే ఉంది.

“డాక్టర్ దగ్గరికి వెళ్ళావా?”

“వెళ్ళాం. తగ్గిపోయింది. వెయ్యక్కా.”

ఈ అమ్మాయి ఏనాడూ ‘వెళ్ళాను’ అనదు. ఎప్పుడూ ‘వెళ్ళాం’. ఆ రెండో మనిషి నాలుగడుగుల దూరంలో, తలుపు పక్కనున్న సోఫాలో కూర్చుని ఉన్నాడు. పెళ్ళయి రెండేళ్ళయిందట. షాపులో కాలు పెట్టిన దగ్గర్నుంచి బయటికి వెళ్ళేదాకా భర్త చూపు ఆమె మీదనుంచి కదలదు. ఓసారి రంగులక్క మాటవరసకి, “ఇంట్లో ఏం తోస్తుందమ్మా రోజంతా?” అని అడిగితే, “తోచకపోవడానికేముందండీ, నేనుంటాగా!” అని సోఫాలోంచి జవాబొచ్చింది.

పేరు ఏదైనా, షాపుకొచ్చే వాళ్ళందరికీ ఆమె రంగులక్కే. పదిహేనేళ్ళుగా గోళ్ళకి రంగులు వేస్తోంది. జెల్ రంగు ఎలాంటిదో ఆమె వేళ్ళకే తెలుసు. కొత్తలో చేతితొడుగులు లేకుండా పనిచేస్తే వేళ్ళ కొసలు నెర్రెలిచ్చాయి. ఉప్పు తగిలితే ప్రాణం పోయేది. ల్యాంపు కింద సరిగ్గా గట్టిపడని జెల్ చర్మానికి అంటుకుంటూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఒళ్ళు తిరగబడుతుంది. ఒకసారి పడకపోయిందా, ఇక జన్మలో పడదు. పైగా అది వేలితో పోదు. తెలియకుండా కన్ను నులుముకుంటే చాలు, తెల్లారేసరికి రెప్పలు బూరెల్లా ఉబ్బుతాయి.

అందుకే ఈ అమ్మాయి విషయంలో ఆమె చేయని జాగ్రత్త లేదు. మొదటిసారి వాపు రాగానే జెల్ కంపెనీ మార్చింది. రెండోసారి చర్మానికి అంటకుండా వెంట్రుకవాసి ఎడం వదిలి వేసింది. ల్యాంపు కింద చెయ్యి ఒకటికి రెండుసార్లు పెట్టించింది. అయినా వాచాయి. పోయినసారైతే డాక్టరే వీపు మీద పట్టీలు అంటించి పరీక్ష చేసి, జెల్ ఇక ముట్టుకోవద్దని తేల్చి చెప్పిందని సోఫాలోంచి భర్త అందించాడు.

“డాక్టర్ వద్దన్నాక నేనెలా వేస్తానమ్మా?”

అమ్మాయి ముఖం పాలిపోయింది. “నువ్వు కాదంటే ఇంకో షాపుకి వెళ్తాం.”

“నేనూ వద్దనే చెప్పానండీ,” అన్నాడు భర్త. “వింటేగా! కళ్ళు పోయినా ఫరవాలేదు, గోళ్ళు మాత్రం మెరవాలి. ఏం పిచ్చో!”

రంగులక్క ఒక్క ముక్క నమ్మలేదు. పెళ్ళాన్ని బొమ్మలా ముస్తాబు చేయించి పదిమందిలో తిప్పుకుంటూ, పైకి నంగనాచి కబుర్లు చెప్పే మగవాళ్ళని ఆమె చాలామందినే చూసింది. పాపం, ఈ పిల్ల నోరు విప్పలేకపోతోంది. వెనక్కి పంపితే ఇంకెక్కడో ముక్కూముఖం తెలియనివాళ్ళు ఎడాపెడా పూసి పంపిస్తారు.

ఆమె ఒక నిర్ణయానికొచ్చింది. కింది అరలోంచి వేరే సీసా తీసింది. చిన్నపిల్లలు సరదాపడితే వేసే నీటిరంగు అది. అందులో ఆ పాడు మందేదీ ఉండదు. అదీ జెల్‌లాగే ఎర్రగా ఉంది, చూస్తే తేడా తెలియదు. ఎవరికీ అనుమానం రాకుండా ల్యాంపు కింద కూడా పెట్టించింది.

“ఇది కొత్తరకం జెల్లమ్మా,” అని అబద్ధమాడింది.

తొమ్మిదోరోజుకే వాళ్ళు మళ్ళీ వచ్చారు.

“ఇదేం జెల్లండీ! పట్టుమని పదిరోజులు కూడా ఆగలేదు,” అంటూ భర్త సోఫాలో కూలబడ్డాడు.

నిజమే, రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. కానీ రంగులక్క గోళ్ళు చూడలేదు, కళ్ళు చూసింది. రెప్పలు నున్నగా, కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఆమె కడుపు నిండినట్టయింది. పాత రంగు తీయడానికి అరగదీసే మెషీన్ ఆన్ చేసింది. బల్లకున్న దుమ్ము లాగే ఫ్యాను కూడా రొద మొదలుపెట్టింది. ఇక సోఫా దాకా ఏ మాటా వినబడదు.

“ఏం వేశావక్కా ఆరోజు?” అమ్మాయి పెదవులు కదిలాయి.

“నీటిరంగు. కోప్పడకమ్మా, నీ మంచికే చేశాను. చూడు, చిన్న దురదైనా వచ్చిందా? ఇక నువ్వు ఆస్పత్రి గడప తొక్కక్కర్లేదు.”

అమ్మాయి నవ్వుతుందనుకుంది. కానీ చటుక్కున నీళ్ళు తిరిగిన కళ్ళని దాచుకోవడానికి ఆ పిల్ల తల వంచి గోళ్ళు చూసుకుంటున్నట్టు నటించింది.

“ఈసారి అసలు జెల్లే వెయ్యక్కా. చర్మానికి అంటినా ఫరవాలేదు.”

“మతిపోయిందా నీకు? ఆ వాపు గొంతుకి పాకితే? ఎవరికోసమే ఇదంతా? ఆయన కోసమేనా?”

అమ్మాయి కాదన్నట్టు తలాడించింది. ఓరగా సోఫావైపు చూసింది. అతను ఇటే చూస్తున్నాడు. రంగులక్క మెషీన్ వేగం ఇంకాస్త పెంచింది.

“నేను బయటికి వెళ్ళేవి రెండే చోట్లు, ఈ షాపు, ఆస్పత్రి,” అంది అమ్మాయి. “ఇక్కడ ఆయన ఎదురుగా ఉంటారు. అక్కడ పరీక్ష చేసేటప్పుడు డాక్టరమ్మ ఆయన్ని బయట కూర్చోమంటుంది. ఓ పది నిమిషాలు గది తలుపు వేసేస్తుంది.”

“వేస్తే?”

“ఆవిడ ఫోన్‌లోంచి అమ్మతో మాట్లాడతాను.”