ముల్తానీ మట్టి

రఘునాథ్ చనిపోయిన రోజున కారు వెనక భాగం మీద ఒక్క మచ్చ కూడా లేదు.

ముందు భాగం కల్వర్టుకు కొట్టుకుని నుజ్జయింది. వెనక మాత్రం నేరేడుపండు రంగు నిగనిగలాడుతోంది. తండ్రి విఠల్‌రావుకు మొదట కనిపించింది అదే. పొద్దున పందెం జరిగే చోటుదాకా వెళ్ళి కొడుకును దీవించి గుడికి తిరిగి వెళ్ళిన మనిషి, కబురు విని మళ్ళీ పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే కొడుకును టాంగాలో దవాఖానాకు తీసుకుపోయారు. కొడుకు స్నేహితుడు బాలనర్సింహ మాత్రం అక్కడే ఉన్నాడు. కారు వెనక గొంతుక్కూర్చుని, బకెట్లో సబ్బునీళ్ళు పెట్టుకుని, చక్రాలూ రేకులూ రుద్ది రుద్ది కడుగుతున్నాడు.

"ఏం జేస్తున్నవ్‌రా?"

బాలనర్సింహ తలెత్తలేదు. "రబ్బరు ఎండితే రంగు పాడైతది బాపూ."

ఆ మాట విఠల్‌రావు మరిచిపోలేదు.

కారు స్నేహితులిద్దరిదీ. పోలీసు చర్య తర్వాత ఒక నవాబు దేవిడీ వాళ్ళు అమ్మేస్తే కొన్నారు. దబీర్‌పురాలో బాలనర్సింహ వాళ్ళ బర్రెల కొట్టంలో పెట్టి, విప్పి, బిగించి, రంగు వేశారు. జహనుమా దాటాక తిన్నటి రోడ్డు మీద పందేలు జరిగేవి. నిలబడ్డ చోటినుంచి ఒక్క ఊపున ఉరకాలి. అవతలి జెండా ముందుగా దాటినవాడిది గెలుపు. ఆ ఊపుకు టైర్లు గిర్రున తిరిగి, కాలి, కరిగిన రబ్బరు ఎగిరొచ్చి చక్రాల వెనక రేకుకు అంటుకునేది. గోకితే రంగుతో సహా ఊడేది. అందుకే బాలనర్సింహ పందేనికి ముందు ముల్తానీ మట్టిని సబ్బునీళ్ళలో కలిపి ఆ రేకులకు మందంగా పూసేవాడు. తర్వాత నీళ్ళు కొడితే మట్టితోపాటు రబ్బరూ పోయేది.

"పిల్లకు నలుగు పెట్టుడైందా బాలీ? లగ్గం యాళ్ల దాటుతున్నది" అని రఘునాథ్ వేళాకోళం చేసేవాడు.

"నీకెట్లాగూ పిల్ల దొరకదు. దీన్నన్న సక్కగ చూసుకో" అనేవాడు బాలనర్సింహ.

ఆ రోజు జెండా దాటాక చక్రాల్లోని బ్రేకులు పట్టలేదు. పోలీసులు అడిగితే బాలనర్సింహ, "బ్రేకులు చూసుడు నా పని. నేనే సరిగ చూడలే" అన్నాడు. వాళ్ళు ప్రమాదమని రాసుకుని పోయారు.

బ్రేకుల సంగతి విఠల్‌రావు ఎప్పటికైనా మన్నించేవాడేమో. మనిషన్నాక పొరపాటు పడతాడు. కడగడాన్ని మన్నించలేకపోయాడు.

ఒకనాడు బాలనర్సింహ పాలక్యాన్లు మోసుకుపోతూ బేగంబజార్‌లో ఎదురుపడ్డాడు. విఠల్‌రావు నలుగురిలో నిలబెట్టి అడిగాడు.

"ఎందుకు కడిగినవ్‌రా? ఆడ వాని పానం పోతుంటే నీకు చెయ్యెట్లాడింది?"

"రంగు పోతదని కడిగిన బాపూ."

"రంగు" అన్నాడు విఠల్‌రావు.

"గీని పాలు తాగినా ఇసమే భాయ్" అన్నాడు పక్క దుకాణం వాడు. విన్నవాళ్ళు నవ్వారు. ఆ తర్వాత చాలా ఇళ్ళవాళ్ళు బాలనర్సింహ దగ్గర పాలు పోయించుకోవడం మానేశారు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకం నాడు బాలనర్సింహ పాలు తీసుకొచ్చి గడప బయట నిలబడ్డాడు. రఘునాథ్ తల్లి గోదా చెయ్యి చాచింది. విఠల్‌రావు ఆ గిన్నె లాక్కుని వీధిలో పారబోశాడు.

"ఎందుకు కడిగినవో నిజం చెప్పు. చెప్తే లోపలికి రానిస్త."

బాలనర్సింహ ఆయన ముఖంలోకి చూశాడు. ఏదో చెప్పబోయాడు. గుమ్మంలో గోదా నిలబడి ఉంది. ఆమెను చూసి, "రంగు పోతదని" అన్నాడు.

"పో. మళ్ళ ఈ గడపల కనిపించకు."

"వానిని ఎన్నిసార్లని అడుగుతరు?" అంది గోదా, అతను వెళ్ళిపోయాక. "వాడు మాత్రం ఏడుస్తలేడా?"

"రంగు కోసం ఏడుస్తుండొచ్చు" అన్నాడు విఠల్‌రావు.

ఆ నెలలోనే రథోత్సవం వచ్చింది. రథం కదిలేముందు చక్రాల ఇరుసులకు దీపపు నూనె పోయడం విఠల్‌రావు వంశానికి దక్కిన సేవ. తాత పోశాడు, తండ్రి పోశాడు. అలా పోస్తే బండి ఎక్కినవాడు క్షేమంగా తిరిగొస్తాడని వాళ్ళింట్లో నమ్మకం. నిరుడు మైల వల్ల ఆయన చెయ్యలేదు. ఈసారి రాగిచెంబు తీసుకుని చక్రం పక్కన వంగాడు. కోపం ఇంకా చల్లారలేదు. చెయ్యి ఎక్కువ వంగింది. నూనె ఇరుసునుంచి కారి చక్రం అంచుదాకా వచ్చింది.

రథం ఆపడానికి చక్రం కింద కట్టె అడ్డం పెట్టే ఈశ్వరయ్య కేకేశాడు.

"పంతులూ, జర ఆపుండ్రి. గంత నూనె పోస్తే కట్టె పట్టుకుంటదా? జారుతది. ఇగ రథం యాడ ఆగుతది? మీదికే వస్తది."

అని సబ్బునీళ్ళు తెప్పించాడు. చక్రం దగ్గర గొంతుక్కూర్చుని రుద్ది రుద్ది కడగసాగాడు.

విఠల్‌రావు చెంబు పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు.

పందెం నాటి పొద్దున, కొడుకు క్షేమంగా తిరిగి రావాలని, ఇదే చెంబుతో కారు చక్రాల ఇరుసులకు నూనె పోసి వచ్చింది ఆయనే. ఆ నూనె కడిగినవాణ్ణి ఆయన ఇంకా ఇంట్లోకి పిలవలేదు.